ఆఖరి లైను సుగుణక్కది

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ నిమిషానికి కూడా లేదు. నేను నమ్మేది ఎర్తింగ్‌ని.

మా నాన్న సినిమా స్టూడియోల్లో ముప్ఫయ్యేళ్లు ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాడు. స్పీకర్‌లో గుంయ్‌మని మోత వచ్చినా, మైకు ముట్టుకుంటే షాక్ కొట్టినా, "ముందు ఎర్త్ చూడమ్మా, దేవుణ్ని తర్వాత తలుచుకోవచ్చు" అనేవాడు. నాకు అబ్బిన బుద్ధి అదే. తొమ్మిదేళ్లుగా సౌండ్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఖాళీ గదిలో ఎవరో మాట్లాడారనీ, ఆపేసిన స్పీకర్ పాడిందనీ చెప్పినవాళ్లను చాలామందినే చూశాను. వెతికితే ప్రతిసారీ ఏదో ఒక వైరు దొరికేది.

ఈసారి వైరు దొరకలేదు. నాకేమీ తోచడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియదు. ఉన్నది ఉన్నట్టు రాసేస్తే కాస్త కుదుటపడతానేమోనని మొదలుపెట్టాను.

మా బ్యాండ్ పేరు మూడో అంతస్తు. ఫిల్మ్‌నగర్‌లో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో మా గది ఉంది కాబట్టి ఆ పేరు. అంతకుమించి తెలివి ఖర్చుపెట్టలేదు. మేం ముగ్గురం. కార్తీక్ పాటలు రాస్తాడు, గిటారు వాయిస్తూ పాడతాడు. రిజ్వాన్ డ్రమ్స్ వాయిస్తాడు. నేను కీబోర్డు వాయిస్తాను, రికార్డింగూ మిక్సింగూ కూడా నావే. నా పేరు శిరీష. మామూలు రోజుల్లో సినిమా పాటలకు పనిచేస్తాను, మిగిలిన టైం మా పాటలకి.

మా కొత్త ఆల్బం పేరు "పగటి నిద్ర". మధ్యాహ్నం భోంచేసి పడుకుని లేచాక, ఇప్పుడు పొద్దునా సాయంత్రమా అని ఒక అయోమయం ఉంటుంది చూడండి, ఆల్బం అంతా అదే. మొత్తం ఏడు పాటలు. ప్రతి పాటకీ బయటినుంచి ఒక అతిథిని పిలవాలని కార్తీక్ పట్టుబట్టాడు. ఒకదాంట్లో నాదస్వరం, ఒకదాంట్లో పాతబస్తీ ర్యాపరు, ఇంకోదాంట్లో సారంగి, ఇలా. ఏడో పాట "ఎండ వాలింది". దాన్ని ఒక ఆడ గొంతే పాడాలి. ఆ పాటకి అతిథిగా మీ అందరికీ తెలిసిన ఒక పెద్ద గాయని ఒప్పుకున్నారు. ఆవిడ పేరు రాయను. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఇక్కడ మా పనిలో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. పెద్ద సింగర్లకి టైం ఉండదు. వాళ్లు వచ్చేది ఒక గంటకి. అందుకని ముందే ఇంకెవరిచేతనో పాటంతా పాడించి పెట్టుకుంటాం. దాన్ని ట్రాక్ అంటాం. పెద్ద సింగర్ వచ్చి హెడ్‌ఫోన్‌లో ఆ ట్రాక్ వింటూ, ఒక్కో లైనే నేర్చుకుని, అదే ఒడుపుతో పాడి వెళ్లిపోతారు. తర్వాత నేను ట్రాక్ తీసేస్తాను. బయటికి వచ్చే పాటలో ట్రాక్ పాడినవాళ్ల గొంతు ఉండదు, పేరు ఉండదు. మీరు ఇష్టంగా పాడుకునే చాలా పాటల్లో ఒక్కో సంగతి ఎవరో కృష్ణానగర్ నుంచి షేర్ ఆటోలో వచ్చి పెట్టి వెళ్లినదే.

అలా ట్రాక్ పాడటానికి వచ్చింది సుగుణక్క.

శనివారం ఉదయం పదకొండింటికి మూడంతస్తులూ మెట్లెక్కి వచ్చింది. యాభై ఎనిమిదేళ్లుంటాయి. సన్నటి మనిషి, జరీ లేని ఆకుపచ్చ చీర. రహమత్ నగర్‌లో ఉంటుంది. ముప్ఫయ్యేళ్లుగా కోరస్‌లూ ట్రాక్‌లూ పాడుతోంది. వచ్చీ రాగానే కుడిచేతికీ ఎడమచేతికీ ఉన్న మట్టి గాజులు ఒక్కొక్కటీ తీసి, వాటితోపాటు ఒక స్టీలు కడియం కూడా తీసి, రుమాల్లో మూటకట్టి నా బల్ల మీద పెట్టింది. మైకు ముందు గాజులు మోగుతాయని ఆడవాళ్లందరూ తీసేస్తారు. చెప్పకముందే తీసేసిందంటే ఎన్నేళ్ల అనుభవమో తెలిసిపోతుంది.

ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు, మైకు ముందు పాడే తెలుగు వేరు. మాట్లాడితే అచ్చం రహమత్ నగర్. పాడితే ఒక్క అక్షరం కూడా పక్కకి జరగదు. మొదటి చరణానికే రిజ్వాన్ ఫోన్ పక్కన పెట్టేశాడు. రిజ్వాన్ ఫోన్ పక్కన పెట్టడమంటే మా గదిలో పెద్ద వార్త.

పాట ఆఖరి లైను ఇది: "ఎండ వాలింది, తలుపు తీసే ఉంది." ట్యూన్ ప్రకారం అది మెల్లగా కిందికి దిగి ఆగిపోతుంది. సుగుణక్క దాన్ని తొమ్మిదిసార్లు పాడింది. నాకు రెండోసారికే చాలనిపించింది. తనకి మాత్రం తొమ్మిదోసారి కూడా నచ్చలేదు.

"కుదరలే బిడ్డా," అంది హెడ్‌ఫోన్ తీస్తూ. "ఇది కిందికి దిగొద్దు. గట్ల దిగితే తలుపు పెట్టేసినట్టుంటది. ఏదో ఉంది గని, నాకు అందుతలేదు."

"ట్రాకే కదక్కా, చాలు," అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. సుగుణక్క టీ తాగుతూ తనకు లావణ్య అనే కూతురు ఉందని చెప్పింది. యూసుఫ్‌గూడలో బ్యూటీపార్లర్‌లో పనిచేస్తుంది. తల్లి సినిమాల్లో పాడుతుందంటే ఏనాడూ నమ్మలేదట.

"ఏ పాటలున్నవో వినిపియ్యే అంటది. ఏం వినిపియ్యాలె? ట్రాక్‌లన్నీ తీసేస్తరు. కోరస్‌ల పదిమందిల నేనేదో నాకే ఎర్క లేదు. అబద్ధాలు చెప్తున్నవే అమ్మా అని నవ్వుతది." కాసేపాగి, నా వంక చూడకుండా అడిగింది. "గీ పాటల ఒక్క లైను ఉంచరాదు? ఒక్కటే. నా బిడ్డకు ఒక్కపారి వినిపిస్త."

ఆ గొంతు విన్న మత్తులో ఉన్నాను. "ఆఖరి లైను మీదే ఉంచుతాను అక్కా. పేరు కూడా వేస్తాను," అని మాటిచ్చేశాను. ఆమె ఒక చీటీ మీద గుండ్రటి అక్షరాలతో "బి. సుగుణ" అని రాసిచ్చింది. దాన్ని నా మానిటర్ అంచుకి అతికించాను. తర్వాత గాజులు తొడుక్కుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మంగళవారం పెద్ద గాయని మేనేజర్ నుంచి కార్తీక్‌కి ఫోన్ వచ్చింది. పాటలో ఆవిడ గొంతు ఒక్కటే ఉండాలి. వేరే సింగర్ లైను కానీ పేరు కానీ ఉండకూడదు.

నేను గొడవపడ్డాను. గొడవపడ్డానని ఇప్పుడు గొప్పగా రాస్తున్నాను కానీ, అది మహా అయితే పావుగంట. కార్తీక్ బతిమాలాడు. "సిరీ, ఆవిడ పేరుంటేనే మన ఆల్బం పదిమంది వింటారు. రెండేళ్ల కష్టం. సుగుణక్కకి మళ్లీ ఇంకో పాటలో ఛాన్స్ ఇద్దాం. ట్రాక్ సింగర్లకి ఇది అలవాటేలే." ఆ ఆఖరి మాట నాకు నచ్చలేదు. నచ్చకపోయినా పట్టుకున్నాను, ఎందుకంటే అది పట్టుకుంటే తప్పు నాది కాదనిపించింది. సుగుణక్కకి ఫోన్ చేసి చెప్పాలి. రేపు చేద్దాంలే అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం మూడింటికి పెద్ద గాయని వచ్చారు. ఏ ఆర్భాటమూ లేదు. చెప్పులు బయట విడిచి, చేతి గడియారం తీసి నా బల్ల మీద పెట్టి, అద్దానికి అవతల పాడేవాళ్లుండే బూత్‌లోకి వెళ్లారు. చేతికి గాజుల్లేవు. ఇది గుర్తుపెట్టుకోండి.

అరగంటలో పాటంతా అయిపోయింది. ఆఖరి లైను మిగిలింది.

"ట్రాక్ ఆపేయమ్మా, దీన్ని నేను సొంతంగా పాడతాను," అన్నారు బూత్‌లోంచి. ఆపేశాను. కీబోర్డు మెల్లగా మోగుతోంది, అంతే. ఆవిడ పాడలేదు. అద్దంలోంచి నా వైపు చూసి, "ఇంకా వస్తోంది," అన్నారు.

నా స్క్రీన్ మీద ట్రాక్ ఆగిపోయి ఉంది. సరే, ఏదైనా పొరపాటేమోనని ఆ ట్రాక్‌ని పాట ఫైల్లోంచే పూర్తిగా తీసేశాను. మిగిలిన సంగీతం మళ్లీ వేశాను.

"ఉందమ్మా ఇంకా," అన్నారు ఆవిడ. విసుగు లేదు ఆ గొంతులో, ఆసక్తి ఉంది. "ఇందాకటిది కాదిది. ఇది వేరేలా పాడారు. ఇదే బావుంది కదా?"

వేరేలా పాడింది ఏదీ లేదు. తొమ్మిది టేకులూ నాకు కంఠతా వచ్చు.

బూత్‌లోకి వెళ్లాను. ఆవిడ హెడ్‌ఫోన్ నా చెవులకి పెట్టుకుని విన్నాను. కీబోర్డు తప్ప ఏమీ లేదు. రిజ్వాన్ వచ్చి విన్నాడు, వాడికీ ఏమీ లేదు. అది వైరున్న హెడ్‌ఫోనే, గాల్లోంచి ఇంకేదో పట్టుకునే రకం కాదు. అయినా మార్చి ఇంకోటి ఇచ్చాను. ఆవిడ పెట్టుకుని, కళ్లు మూసుకుని, తలూపారు. "పరవాలేదు, ఉండనీ. నేర్చుకుంటున్నాను."

పాడటం వాళ్లకి అలా అలవాటు. చెవిలో ట్రాక్ వినిపిస్తే అదే ఒడుపుతో పాడేస్తారు. ఆవిడ కూడా అలాగే పాడారు. "తీసే" దగ్గర గొంతు కిందికి దిగలేదు. పైకి వెళ్లి అక్కడే కాసేపు ఆగింది. "ఉంది" అన్న మాటనైతే అసలు పాడనే లేదు, పక్కనున్న మనిషితో చెప్పినట్టు మెల్లగా అన్నారు. అంతే. తలుపు నిజంగానే తీసి ఉన్నట్టనిపించింది. కార్తీక్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అది వాడి ట్యూన్ కాదు. నాదీ కాదు.

టేకు టైం స్క్రీన్ మీద ఉంది. మూడూ నలభై.

వెళ్లేటప్పుడు గడియారం పెట్టుకుంటూ ఆవిడ అడిగారు. "ట్రాక్ పాడినావిడ ఎవరమ్మా? ఆ ఆఖరిది ఎప్పుడు రికార్డు చేశారు? చాలా బాగా వచ్చింది." నేను ఏదో గొణిగాను.

ఆ సాయంత్రం టేకు విన్నాను. లైను అయిపోయాక, నిశ్శబ్దంలో, సన్నగా గాజుల చప్పుడు ఉంది. ఒక్కసారే. మట్టి గాజుల గలగల, దాని కింద లోహం తగిలినట్టు ఒక టిక్కు.

బూత్‌లో ఉన్నది ఆవిడొక్కరే. ఆవిడ చేతులకి ఏమీ లేవు. "నీ జుంకాలేమో," అన్నాడు రిజ్వాన్. నేను అద్దానికి ఇవతల ఉన్నాను. నాకు జుంకాలు కూడా లేవు.

మర్నాడంతా వైర్లు పీకి మళ్లీ పెట్టాను. మైకు మార్చాను. ఎర్తింగ్ చూపించాను. నాన్న ఉంటే ఆయన్నే పిలిచేదాన్ని. వచ్చిన ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి చూసి, ఇంత మంచి ఎర్తింగ్ ఈ బిల్డింగులో ఇంకెవరికీ లేదని మెచ్చుకుని వెళ్లాడు. నాకు ఒళ్లు మండింది.

అప్పుడు సుగుణక్కకి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. పదిసార్లు చేశాను. ఆమెను పంపిన కో-ఆర్డినేటర్‌ని అడిగితే, "నాలుగు రోజుల సంది నా ఫోన్ కూడా ఎత్తుతలేదు మేడం, పనికి కూడా వస్తలేదు," అన్నాడు.

ఇలాంటి కథలు మీరూ విన్నారు, నేనూ విన్నాను. గొంతు వినిపించిందంటే ఆ మనిషి లేనట్టే. నమ్మనని ఇంతసేపు చెప్పిన నేనే, శనివారం, ఆదివారం కాలు కాలిన పిల్లిలా తిరిగాను. మానిటర్ అంచున ఆ చీటీ. తీసేయడానికి చెయ్యి రాలేదు, చూడ్డానికి మొహం చెల్లలేదు. మాటిచ్చి తప్పానన్న సంగతి అప్పటిదాకా ఏదో ఒక మూలన పడేసి ఉంచాను. ఇప్పుడది ఎదురుగా వచ్చి కూర్చుంది.

సోమవారం ఉదయం స్కూటీ తీశాను. చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఆగినంతసేపూ వెనక్కి తిరిగి వెళ్లిపోవాలనిపించింది. యూసుఫ్‌గూడ దాటి రహమత్ నగర్ గల్లీల్లోకి వెళ్లి, పాటలు పాడే సుగుణక్క ఇల్లెక్కడని ముగ్గుర్ని అడిగాను. పాటలు పాడే సుగుణ ఎవరికీ తెలియదు. "పార్లర్ లావణ్య వాళ్లమ్మనా?" అంది ఒకావిడ. ఆవిడ మొహంలో విషాదం ఏమన్నా ఉందా అని వెతికాను. లేదు.

సుగుణక్క గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

నాకు ఏడుపు ఆగలేదు. బండి స్టాండు కూడా సరిగా వెయ్యకుండా వెళ్లి ఆమె చేతులు పట్టుకున్నాను. "ఏమైంది బిడ్డా, గిట్లొచ్చినవేంది?" అని కంగారుపడింది. ఫోన్ ఎందుకు ఎత్తలేదంటే, లావణ్య ఫోన్ పగిలిపోయిందట, తల్లి ఫోన్ తీసుకుని పార్లర్‌కి వెళుతోందట. పనిలో ఉంటే మూగబెట్టి సంచిలో పడేస్తుందట, ఎవరు చేశారో తల్లికి చెప్పదట. వారం రోజులుగా మోకాలు నొప్పిగా ఉండి తను బయటికి కదల్లేదట. అంతే కారణం. నేను నవ్వాను కూడా.

గొంతు సవరించుకుని అసలు సంగతి చెప్పబోతున్నాను. ఆమే అందుకుంది.

"నీకే ఖబర్ చేద్దామనుకుంటున్న. గా ఆఖరి లైను దొరికింది బిడ్డా."

"ఎప్పుడు?" అన్నాను.

"మొన్న బేస్తారం. మా గల్లీల మూడున్నరకు నల్లాల నీళ్లొస్తయి. బిందెలు కడుగుకుంట అనుకుంటున్న, అనుకుంటున్న, ఒక్కపారే దొరికింది. ఇనుపిస్త ఉండు."

బేస్తారమంటే గురువారం. ఆమె వెల్లుల్లి చాట పక్కన పెట్టి, కుడిచేత్తో తొడ మీద తాళం వేస్తూ పాడింది. "ఎండ వాలింది." గొంతు "తీసే" దగ్గర పైకి వెళ్లి అక్కడే ఆగింది. "ఉంది" అని మెల్లగా నాతో చెప్పినట్టు అంది. చెయ్యి ఆఖరిసారి తొడ మీద పడింది. మట్టి గాజులు గలగలమన్నాయి, కింద స్టీలు కడియం టిక్కుమంది.

ఇంకోసారి పాడమని అడిగి ఫోన్‌లో రికార్డు చేశాను. ఆ మాత్రం బుద్ధి ఉన్నందుకు ఇప్పటికీ సంతోషం.

"మళ్లొచ్చి పాడాలె గద, ఎప్పుడు రమ్మంటవ్?" అంది సంబరంగా.

అప్పుడు చెప్పాను. ఆమె గొంతు తీసేశామని. పేరు కూడా ఉండదని. మాటిచ్చింది నేనేనని, తీసింది కూడా నేనేనని.

సుగుణక్క చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. రెండు రెబ్బలు ఒలిచింది. "తీసేసిన్రా," అంది. తర్వాత, "అలవాటేలే బిడ్డా. జర చాయ్ పెడ్త, కూసో."

కార్తీక్ అన్న మాటే. వాడు అన్నప్పుడు కోపం వచ్చింది, ఆమె అన్నప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను.

చాయ్ ఇచ్చి, మరి ఆ పెద్దామె ఆఖరి లైను ఎట్ల పాడిందని అడిగింది. నేను ఫోన్‌లో వినిపించాను. తల వంచి చివరిదాకా విన్నది. గాజుల చప్పుడు దగ్గర తలెత్తింది. తన చెయ్యి చూసుకుంది. మళ్లీ పెట్టమంది. మూడుసార్లు విన్నది.

"గొంతు ఆమెది," అంది మెల్లగా. "గాజులు నావి."

ఆమె కూడా భయపడింది, అది నాకు తెలుస్తూనే ఉంది. గడప దగ్గర ఎండ పడుతోంది, ఎవరో బిందె లాగుతున్నారు, మామూలు సోమవారం.

గదికి వచ్చి నా ఫోన్ రికార్డింగ్‌ని పెద్ద గాయని టేకు కింద పెట్టి చూశాను. సుగుణక్క చెవులకి హెడ్‌ఫోన్ లేదు, సంగీతం లేదు, ఏమీ లేదు. గుమ్మంలో కూర్చుని ఊరికే పాడింది. అయినా రెండు లైన్ల పొడవూ ఒకటే. "తీసే" మీద ఆగిన సేపు ఒకటే. గాజులు మోగిన చోటు ఒకటే. రిజ్వాన్ స్క్రీన్ చూసి, "అరె యార్, ఒకటే ఫైల్ రెండుసార్లు పెట్టినవ్," అన్నాడు. రెండూ విడివిడిగా వినిపించాను. వాడు లేచి వెళ్లి కిటికీ తెరిచాడు.

బుధవారానికల్లా ఫైళ్లు పంపేయాలి. కార్తీక్ ఇంకా మేనేజర్, షరతు అంటూనే ఉన్నాడు. వాణ్ని కాదని నేనే పెద్ద గాయనికి నేరుగా ఫోన్ చేశాను. మా లైన్‌లో ఎవరూ చెయ్యని పని అది. ఇకమీదట నన్ను ఎవరూ పిలవకపోయినా పిలవకపోనీ అనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆవిడ ముందు ట్రాక్ పాడినావిడ పేరు మళ్లీ అడిగారు. సుగుణ అని చెప్పాను.

"మొదట్లో నేనూ ట్రాక్‌లు పాడాను శిరీషా," అన్నారు తర్వాత. "ఆ లైను ఆవిడకిచ్చేయండి. మేనేజర్‌తో నేను చెప్తాను. అది పాడిన దగ్గర్నుంచీ నాకు స్థిమితం లేదు. ఎవరిదో వస్తువు ఇంటికి తెచ్చుకున్నట్టుంది. కానీ ఈ సంగతి నా పేరుతో ఎక్కడా చెప్పకండి." అందుకే పేరు రాయలేదు.

మంగళవారం ఉదయం సుగుణక్క మళ్లీ మెట్లెక్కి వచ్చింది, మోకాలు పట్టుకుని, ఒక్కో అంతస్తుకీ ఆగుతూ. అలవాటు ప్రకారం గాజులు తీసి మూటకట్టి బల్ల మీద పెట్టింది. బూత్‌లోకి వెళ్లింది. పాడింది. రాలేదు. మళ్లీ పాత పద్ధతిలోనే కిందికి దిగిపోతోంది. అయిదుసార్లయింది. అద్దంలోంచి ఆమె మొహం చూడలేకపోయాను. ఇంత చేసి ఇప్పుడు రాకపోతే ఎలా?

నేను రుమాలు మూట తీసుకుని బూత్‌లోకి వెళ్లాను. "వేసుకోండి అక్కా."

"మైకుల ఇనస్తది బిడ్డా."

"వినపడనివ్వండి."

ఆమె నవ్వింది. "ముప్పయ్యేండ్ల సంది తియ్యమన్నోళ్లే గని, ఏసుకొమ్మన్నోళ్లు లేరు," అంటూ ఒక్కొక్కటీ తొడుక్కుంది. ఒక్క టేకు. రెండోది అడగలేదు.

ఆల్బం వచ్చిన రోజు కార్తీక్, రిజ్వాన్ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. నేను రహమత్ నగర్ వెళ్లాను. లావణ్యకి ఆ రోజు సెలవు. తల్లీ కూతుళ్ల మధ్య చాప మీద కూర్చుని ఏడో పాట పెట్టాను. ఎవరు పాడారో లావణ్య మొదటి లైనుకే గుర్తుపట్టి, "అబ్బ, ఈమె నాకు మస్తు ఇష్టం," అంది. సుగుణక్క రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గోడ వైపు చూస్తోంది.

ఆఖరి లైను దగ్గర గొంతు మారింది. లావణ్య నొసలు ముడిచింది. "తీసే" పైకి వెళ్లి ఆగింది. గాజులు మోగగానే ఆ పిల్ల చటుక్కున తల్లి చేతుల వైపు చూసింది. అవి ఒళ్లో కదలకుండా ఉన్నాయి. చిన్నప్పట్నుంచీ వంటింట్లోంచి విన్న చప్పుడు అది. పొరపాటు పడే అవకాశం లేదు.

"అమ్మా," అంది. "గిది నువ్వే."

తర్వాత పేర్ల దగ్గర "బి. సుగుణ" చూపించాను. లావణ్య దాన్ని వేలితో ముట్టుకుంది, స్క్రీన్ మీద పాట మళ్లీ మొదలైంది. తల్లి మాత్రం పేరు చూడలేదు, కూతుర్నే చూస్తోంది.

నాకు తెలిసిందంతా ఇంతే. ఒక గురువారం మూడూ నలభైకి రహమత్ నగర్‌లో బిందెలు కడుగుతూ ఒక మనిషి పాడినది, ఫిల్మ్‌నగర్‌లో మూడో అంతస్తులో ఒక హెడ్‌ఫోన్‌లోకి ఎలా వచ్చిందో నేను చెప్పలేను. అప్పుడు నా చెవికి వినపడనిది ఆవిడ ఒక్కరికే ఎందుకు వినిపించిందో చెప్పలేను. గాలిలోకి ఎగిరిన గాజుల చప్పుడు మైకులోకి ఎలా చేరిందో అసలే చెప్పలేను. ఎర్తింగ్ ఇప్పటికీ బాగానే ఉంది. నెలకోసారి చూపిస్తున్నాను.

ఒకటి మాత్రం మారింది. ఈ తొమ్మిదేళ్లలో ఎన్ని ట్రాక్‌లు తీసేశానో నాకు గుర్తులేదు. వాళ్లలో ఒక్కరి పేరు కూడా రాసిపెట్టుకోలేదు. ఇప్పుడు ట్రాక్ పాడటానికి ఎవరొచ్చినా ముందు పేరడిగి చీటీ మీద రాయించుకుంటున్నాను. పని అయ్యాక ట్రాక్ తీసేస్తాను, అది నా ఉద్యోగం. తీసేశాక ఒక నిమిషం హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటాను. అసిస్టెంట్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

ఇప్పటిదాకా ఏమీ వినపడలేదు. అయినా ఆ నిమిషం పూర్తయ్యేదాకా అక్కణ్నుంచి లేవలేను.